ఏటి వాలుగ

పుష్యమాసంలో పూసలు గుచ్చడానికి కూడా పొద్దు చాలదని సామెత. పగలు పొట్టి, రాత్రి పొడుగు, తెల్లవారితే మంచు. ఇంట్లో ఉన్నవాళ్ళకే పనులు తెమలవు. ఇక నీళ్ళను నమ్ముకున్న వాళ్ళ సంగతి చెప్పేదేముంది? అయినా మా వైపు ఏళ్ళలోనూ, కొల్లేట్లోనూ పెద్ద చేప చేతికి చిక్కే రోజులు సరిగ్గా అవే. మనం రగ్గు ముసుగు తన్ని పడుకునే వేళకి ఒకాయన నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంటాడు. ఆయన ఎదురుచూసేది ఒక మీసాల చేప కోసం. దాని పేరు వాలుగ.

చేపకి చరిత్రేమిటి, పులుసు ఉంటుంది గాని అని నవ్వకండి. ఈ చేప చరిత్ర పులుసుకన్నా చిక్కన. వైజాగు నుంచి లండను, లండను నుంచి పారిసు, అక్కడినుంచి బటేవియా దాకా తిరిగొచ్చిన చరిత్ర అది.

ముందు చేపను పరిచయం చేస్తాను. వాలుగకి పొలుసులుండవు. ఒళ్ళంతా వెండిపూత పూసినట్టు నున్నగా ఉంటుంది. పైదవడకి రెండు పొడుగాటి మీసాలు, కింది దవడకి రెండు పొట్టివి. నోరు చూస్తే భయం వేస్తుంది. కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది. దవడల నిండా సన్నటి పళ్ళు. పొట్ట కింద మొదలైన రెక్క తోక దాకా కుచ్చిళ్ళ అంచులాగా సాగుతుంది. పెద్దదైతే 2 మీటర్లు దాటి పెరుగుతుందని శాస్త్రగ్రంథాలు చెబుతాయి. అంటే ఆజానుబాహువైన మగవాడికన్నా పొడుగన్నమాట. తోటి చేపల్నీ, కప్పల్నీ, రొయ్యల్నీ మింగి బతుకుతుంది కనక తెల్లదొరలు దానికి మంచినీటి సొరచేప అని బిరుదిచ్చారు. జెల్ల, మార్పు, ఇంగిలాయి ఇవన్నీ మీసాల చేపలే. ఆ వంశంలో మా వైపు పెద్దన్న మాత్రం వాలుగే.

మన కవులకి ఆడదాని కళ్ళు వర్ణించాలంటే చేప కావాలి. మీనాక్షి అన్నారు, వాలుగంటి అన్నారు. వాలుగంటి అంటే వాలైన కన్నులు, అంటే సోగకన్నులు గలది అని నిఘంటువుల అర్థం. జనం మాత్రం ఆ మాట వినగానే వాలుగ చేపను తలుచుకుంటారు. నిజానికి వాలుగ కన్ను చాలా చిన్నది. అంత పెద్ద నోటి పైన మిరియపు గింజ అతికించినట్టుంటుంది. అలాంటి కన్ను ఉందని మెచ్చుకుంటే ఏ ఆడదీ సంతోషించదు. పోలిక చేప కంటితో కాదు, చేపతోనే. సన్నగా పొడుగ్గా ఉండి, నీళ్ళలో ఒక్కసారి తళుక్కుమని మాయమవుతుందే, ఆ తళుకుతో. వాలు అంటే కత్తి అని కూడా అర్థం ఉంది. కత్తి, కన్ను, చేప ఈ మూడింటికీ మెరుపు ఒకటే. చేపను దగ్గరగా చూసినవాడే ఆ పేరు పెట్టి ఉంటాడు. పెట్టినవాడు కవి కాడు, వల పట్టినవాడని నా నమ్మకం.

మాది కామవరపుకోట. ఏలూరుకు ఉత్తరంగా ఉన్న మెట్టసీమ. 2022 నుంచి ఏలూరు జిల్లా అంటున్నారు గాని అంతకుముందు పశ్చిమగోదావరే. మా పక్కనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి చేసుకున్న విహారాలు అవి. ఎర్రనేల, మామిడితోటలు, జీడితోటలు. మెట్టవాళ్ళకి చేపల గొడవ ఏం తెలుసని డెల్టా వాళ్ళు మమ్మల్ని వేళాకోళం చేస్తారు. కాని నీటికి పుట్టిల్లు మెట్టే కదా! మాకు పడమట తమ్మిలేరు, తూర్పున ఎర్రకాలువ. ఎర్రకాలువ తాడేపల్లిగూడెం వైపుకి దిగి యనమదుర్రు డ్రెయినులో కలుస్తుంది. తమ్మిలేరు ఏలూరు మీదుగా పోయి కొల్లేట్లో పడుతుంది. బుడమేరు, రామిలేరు, గుండేరు కూడా ఆ కొల్లేటి చుట్టాలే. ఇన్ని ఏళ్ళు తెచ్చి పోసిన నీళ్ళని కొల్లేరు ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సు నిన్నా మొన్నటిది కాదు. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి విజయాల వరసలో కునాల అనే జలాశయం పేరొస్తుంది. యుద్ధంలో చచ్చినవాళ్ళ నెత్తురుతో ఆ నీళ్ళు ఎర్రబడ్డాయని శాసనకవి వర్ణించాడు. ఆ కునాలే మన కొల్లేరని చరిత్రకారులు చెబుతారు. రాజులు గెలిచిన సంగతి రాతిమీద చెక్కారు, బాగానే ఉంది. ఆ నీళ్ళలో దోనె వేసుకుని తిరిగినవాళ్ళ సంగతి ఎవరూ చెక్కలేదు. వాళ్ళ చరిత్ర వాళ్ళు పెట్టిన పేర్లలో మిగిలింది. వాలుగ కథ చెప్పడం అందుకే.

అసలు చలికాలంలోనే ఎందుకు?

కొల్లేటి పంచాంగం మన పంచాంగం కన్నా సులువు. జూన్‌లో కొత్తనీరు వస్తుంది. కార్తీకం దాకా నిండుతుంది. మార్గశిరం నుంచి తీయడం మొదలుపెట్టి వైశాఖానికి అడుగు కనిపిస్తుంది. వానాకాలం కొత్తనీటి వాసన తగిలితే వాలుగ ఆగలేదు. గుడ్లు పెట్టడానికి ఎదురీది ఏళ్ళలోకీ, మునిగిన పొలాల్లోకీ ఎక్కుతుంది. అప్పుడు నీళ్ళు ఊరంతా పరుచుకుని ఉంటాయి, చేప ఎక్కడుందో దేవుడికే ఎరుక. చలికాలం వచ్చేసరికి నీళ్ళు తీస్తాయి. పల్చని నీళ్ళలో ఉన్న చేపలన్నీ వెనక్కి దిగుతూ మడుగుల్లో చేరతాయి. పదిమైళ్ళు తిరిగే చేప పదిబారల మడుగులో దొరుకుతుంది.

రెండో కారణం చలి. చేప ఒంట్లో మనలాగా వేడిని పుట్టించి నిలబెట్టే ఏర్పాటు లేదు. నీటి చలువ ఎంతో దాని ఒంటి చలువా అంతే. నీళ్ళు చల్లబడితే నెత్తురు మందగిస్తుంది, అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. మనకి మంచు కురిసి నీళ్ళు గడ్డకట్టే చలి లేకపోయినా, కొల్లేరు లోతు తక్కువది కనక ఆ ఉన్న చలికే ఇట్టే చల్లబడుతుంది. నిన్నటిదాకా కత్తిలా దూసుకుపోయిన చేప మడుగు అడుగున, మొద్దుల నీడన బద్ధకంగా పడి ఉంటుంది. దానికి తోడు చలికాలం నీళ్ళు తేరుకుంటాయి. వానాకాలపు బురద దిగి అడుగు కనబడుతుంది.

చెప్పుకోవడానికి సులువుగానే ఉంది. పట్టడం సులువు కాదు. ఆకలి లేని చేప గాలానికి రాదు. అందుకని చలికాలం గాలం వేసేవాడికి ఓపిక కావాలి. వాలుగది రాత్రి తిరుగుడు. సాయంత్రం కప్పనో, చిన్న చేపనో ఎరగా గుచ్చి, మడుగు వారన తాడు కట్టి వదిలిపెట్టాలి. తెల్లవారుజామున పోయి తాడు పట్టుకు చూడాలి. మధ్యాహ్నం ఎండ కాసిన రోజు రాత్రయితే ఆశ ఉంటుంది. రోజంతా మబ్బూ మంచూ అయితే ఎర ఎరలాగే ఉంటుంది. గాలం కుదరని చోట వెదురు మావులు పాతేవారు. నీళ్ళు బాగా తీసిన చోట ఊతలు వేసేవారు. ఊత అంటే అడుగులేని బుట్ట. దాన్ని నీళ్ళలో గబుక్కున దించి, పై మూతిలోంచి చెయ్యి పెట్టి తడమాలి. తగిలింది వాలుగైతే పళ్ళున్న నోరు. జెల్లయితే రెక్కకి ముల్లు. ఇంగిలాయి అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఆ ముల్లు గుచ్చుకుంటే తేలు కుట్టినంత బాధ. చూపు అందని నీళ్ళలో వేళ్ళే కళ్ళు. తాకీ తాకగానే ఏ చేపో, తల ఎటుందో, తోక ఎటుందో తెలియాలి. వాలుగకి మొప్పల దగ్గర పట్టు దొరకాలి. ఒంటిమీద పొలుసు లేదు, పైగా జిగురు. ఇంకెక్కడ పట్టుకున్నా సబ్బుబిళ్ళలాగా జారిపోతుంది. కొల్లేటి వడ్డీలు ఈ విద్యని ఏ బడిలో చదివారు? తండ్రి దోనెలో కూర్చుని చదివారు. ఆ దోనె కూడా తాటిమాను తొలిచిందే.

మా చిన్నప్పుడు, అంటే 1980ల చివర్లో, సంక్రాంతి ముందు రోజుల్లో ఏలూరు బస్సు దిగి ఒకావిడ మా వీధికి చేపలగంప తెచ్చేది. మా అమ్మమ్మకి ఆవిడకి బేరం సాగుతుంటే మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం.

‘‘వాలుగండి అమ్మగారూ! మొప్ప ఎత్తి చూడండి, మందారప్పువ్వండి’’ అనేది ఆవిడ.

‘‘చెరువుదా?’’ అనేది అమ్మమ్మ అనుమానంగా.

‘‘చెరువుదైతే మీ గుమ్మం ఎందుకెక్కుతానండి? ఏటి వాలుగండి. బురద వాసన రాదండి.’’

అమ్మమ్మ నమ్మినట్టు కనిపించేది కాదు. కాని తూకం మాత్రం వేయించేది. ఆవిడ పాదాలు చలికి నెర్రెలు విచ్చి ఉండేవి, చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగా ఉండేవి. ‘‘ఇంత చలిలో ఎలా వచ్చావే తల్లీ’’ అంటే ‘‘చలి చేపకండి, మాకెక్కడిదండి’’ అని నవ్వేది. ఆ మాటలోని నిజం అప్పట్లో మాకు తెలియలేదు. చేపకి చలేస్తేనే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగేది.

తరువాతి పని అమ్మమ్మది. బూడిదా, రాళ్ళుప్పూ వేసి జిగురంతా పోయేదాకా రుద్దాలి. మట్టి దాకలో చింతపండు పులుసు. పెద్ద వాలుగలో సన్నముళ్ళు ఉండవు కనక పిల్లలకి భయం లేకుండా పెట్టచ్చు. చలికాలం రాత్రి దించిన పులుసు తెల్లవారేసరికి తోలులోని జిగటవల్ల గడ్డకట్టి ఉండేది. వేడన్నం మీద వేసుకుంటే కరిగేది. ఇంకా చెప్పను, శాకాహారులు చదవడం మానేస్తారు.

ఇప్పుడు ఆ ‘ఏటి వాలుగ’ అన్న మాట దగ్గర ఆగుదాం. ఆ గంప ఆవిడ అన్న మాట, ప్రపంచంలోని జంతుశాస్త్ర గ్రంథాలన్నిటిలోనూ ఉంది. అక్షరాలా అదే మాట!

వాలుగ శాస్త్రీయనామం ‘వల్లాగో అట్టు’. అట్టు అనగానే మీకు పెనం గుర్తొస్తే తప్పు మీది కాదు. కాని ఆ కథ వినండి.

18వ శతాబ్దం చివర్లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకి వైద్యం చేసినవాడు. తమ్ముడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి కావడంతో ఇటు వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని కర్ణాటక ప్రాంతానికి ప్రకృతిశాస్త్రవేత్తగా నియమించింది. పాముల మీద ఆయన చేసిన పనివల్లే మన రక్తపింజరిని ఇంగ్లీషులో రసెల్ వైపర్ అంటారు. పాములయ్యాక చేపల మీద పడ్డాడు. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలూ వివరాలూ రెండు సంపుటాలుగా 1803లో లండనులో అచ్చయ్యాయి. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, చేపలకి తనకు తోచిన పేర్లు పెట్టి ఊరుకోలేదు. అక్కడివాళ్ళు దేన్ని ఏమని పిలిచారో అడిగి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా మన వాలుగ ఆ పుస్తకంలోకి ‘వల్లాగూ’ అయి ఎక్కింది. 1840లో పారిసులో వలెన్సియెన్ అనే పండితుడు ఆ పేరునే శాస్త్రీయనామంలో చేర్చాడు. 1851లో బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు ఈ రకం చేపలకి ప్రత్యేకంగా ఒక ప్రజాతి ఏర్పరచి దానికి ‘వల్లాగో’ అని పేరు పెట్టాడు. ఆయన ఉన్నది బటేవియాలో, అంటే నేటి జకార్తాలో.

మరి అట్టు? అది మన పొరుగింటిది. 1801లో బెర్లిను పండితుడు బ్లోఖ్ రాసి వదిలిన గ్రంథాన్ని ష్నైడర్ పూర్తిచేసి అచ్చువేశాడు. అందులో ఈ చేపకి ‘అట్టు’ అని పేరుంది. దక్షిణాదిలో దీన్ని ‘ఆట్రు వాళై’ అంటారు. తమిళంలో వాళై అంటే ఈ చేప, ఆట్రు అంటే ఏటి, వాడుకలో ఆత్తు. మన వాలుగా వాళ్ళ వాళై ఒక తల్లి పిల్లలే. తెలుగు వాలుగకి తమిళ ఏరు తోడై ‘వల్లాగో అట్టు’ అయింది. అనువదిస్తే ఏమవుతుంది? ఏటి వాలుగ! పండితులు మూడు దేశాల్లో యాభై ఏళ్ళు తంటాలుపడి లాటినులో చెప్పిన మాటని మా వీధి గుమ్మంలో గంప దించి చెప్పేసిందావిడ.

ఇది ఎంత అదృష్టమో తెలియాలంటే పులసను చూడాలి. గోదావరి పులస గురించి చెప్పేటప్పుడు మనవాళ్ళకి ఒళ్ళు తెలియదు. దాన్ని కూడా రసెల్ ‘పలసా’ అని రాసుకున్నాడు, 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ పేరును శాస్త్రంలోకి తీసుకున్నాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. 1822లోనే హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల మీద పుస్తకం వేస్తూ అదే చేపకి బెంగాలీ పేరును బట్టి ‘ఇలిషా’ అని పెట్టేశాడు. శాస్త్రంలో ముందు వచ్చిన పేరుదే హక్కు. పులస పేరు పోయింది. ఇప్పుడు మన చెరువుల్లో లారీలకొద్దీ పెంచే శీలావతి రోహిత అయింది, బొచ్చె కట్ల అయింది. ఆ రెండూ ఆ హామిల్టన్ పుస్తకంలోవే. పెద్ద చేపల్లో మన మాటని ప్రపంచం నోట పలికించింది వాలుగ.

దీని దాయాదులు ఐరోపాలో ఉన్నారు. డాన్యూబ్‌లో, ఓల్గాలో ఉండే వెల్స్ చేప ఈ కుటుంబానిదే. ఓల్గాలో వాలుగ చుట్టం ఉండటం పేరు కుదిరినట్టే ఉంది గాని అది వట్టి కాకతాళీయం. వెల్స్ రెండున్నర మీటర్లు దాటుతుంది. చలికాలంలో అది కూడా లోతు మడుగుల్లో గుంపుగా చేరి, దాదాపు తిండి మానేసి పడి ఉంటుంది. అంటే మా తమ్మిలేటి మడుగులో తాడు కట్టినవాడికి తెలిసిందే అక్కడి నదుల్లోనూ నిజమన్నమాట. తేడా ఏమిటంటే అక్కడ చాలామందికి వెల్స్ వేట వేడుక; పట్టి, ఫోటో దిగి, వదిలేసేవాళ్ళున్నారు. మా వైపు వదిలేస్తే పండక్కి పిల్లలకి కొత్తబట్టలు ఉండవు.

పేరు దక్కించుకున్న చేప నీళ్ళను మాత్రం దక్కించుకోలేకపోయింది. ఏటికి ఎదురెక్కే చేపకి మొదటి అడ్డు ఆనకట్ట. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి మన డెల్టాకి అన్నం పెట్టిన కాటన్ దొరే, 1867లో ఇలాంటి కట్టడాలవల్ల చేపల రాకపోకలకి దెబ్బ తగులుతోందని ప్రభుత్వానికి చెప్పాడు. తాను కట్టినదాని ఖరీదు తానే లెక్కవేసి చూపినవాళ్ళు లోకంలో తక్కువ. ఆ దరిమిలా ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైనిక వైద్యుడు దేశమంతా తిరిగి విచారించి 1873లో మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. 1897లో చేపల చట్టం వచ్చి నీళ్ళలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమైంది.

రెండో దెబ్బ చేపల చెరువే కొట్టింది. చేపను పెంచే చెరువు చేపకి శత్రువా అంటారేమో. వాలుగకి శత్రువే. కొల్లేట్లో 1970ల చివర్నుంచి గట్లు లేచి చెరువులు పెరిగాయి. ఆ చెరువులో రైతు వేసేది బొచ్చె పిల్ల, శీలావతి పిల్ల. వాలుగ ఒక్కటి దూరిందంటే పిల్లల్ని మింగేస్తుంది. అందుకని పిల్ల వెయ్యడానికి ముందు చెరువులో ఇప్పచెక్క చల్లుతారు. అందులోని విషానికి అప్పటికి ఉన్న చేపలన్నీ చచ్చి తేలతాయి. తరువాత అదే చెక్క ఎరువుగా పనికొస్తుంది. రైతు తప్పేమీ లేదు, పెట్టుబడి పెట్టినవాడికి ఆ భయం ఉంటుంది. కాని ఒకప్పుడు సరస్సుకి రాజైన చేప ఇవాళ చెరువు లెక్కల్లో కలుపుమొక్క అయింది.

1999లో కొల్లేటిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ తరువాత చాలాచోట్ల మళ్ళీ లేచాయి. చెరువు పోతే బతుకెలా అని లంకల్లో అడిగేవాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. సరస్సు పోతే బతుకెలా అన్నదీ న్యాయమైనదే. ఈ రెండు న్యాయాల మధ్య వాలుగ మాట్లాడలేదు. ప్రకృతి సంరక్షణకి ఉన్న అంతర్జాతీయ సంఘం 2019 నాటి అంచనాలో వాలుగను అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది.

మూడో దెబ్బ ఒక మాట. ‘క్యాట్‌ఫిష్’. ఇవాళ బజారులో మీసమున్న ప్రతి చేపా క్యాట్‌ఫిష్షే. ఆఫ్రికా నుంచి దొంగదారిన దేశంలోకి వచ్చిన మార్పు జాతి చేప ఒకటి ఉంది. దొరికిందల్లా తింటుంది, ఎంత మురికిలోనైనా పెరుగుతుంది, ఏళ్ళలోకి తప్పించుకుంటే మన చేపల్ని తుడిచిపెడుతుంది. కేంద్రప్రభుత్వం 2000లో దాన్ని నిషేధించింది. అయినా కొల్లేటి చుట్టుపక్కల చాటుగా పెంచుతూ దొరికిన వార్తలు పేపర్లో పడుతూనే ఉన్నాయి. మెకాంగ్ నది నుంచి వచ్చిన పంగస్ ఇంకొకటి. దాన్ని పెంచడానికి అనుమతి ఉంది. ఇవన్నీ, మన వాలుగా, మన నాటుమార్పూ, జెల్లా, ఒక్క పేరు కిందికి చేరిపోయాయి. ఆ ఆఫ్రికా చేప గురించి చదివి భయపడిన ఇల్లాలు ‘మీసాల చేపా? మాకొద్దు బాబూ’ అంటుంది. నేరం ఒకడిది, శిక్ష వంశానికంతటికీ. అసలు పేరు పలికితే ఈ తప్పు జరగదు. మార్పు వేరు, జెల్ల వేరు, వాలుగ వేరు. రుచి వేరు, ఊరు వేరు, బతుకు వేరు. ఇన్ని తేడాలు మన భాష ఎప్పుడో చెప్పి పెట్టింది. రసెల్ దొర ఇంత దూరం వచ్చి ఆ తేడాలనే కదా అడిగి రాసుకున్నాడు!

చేప పోతే ముందు ఏం పోతుంది? నన్నడిగితే పులుసు కాదు. దాన్ని చీకటి నీళ్ళలో వేలితో తడిమి ఇది వాలుగ అని చెప్పగల చెయ్యి పోతుంది. ఎండ కాసిన రోజు రాత్రే ఎర వెయ్యాలని తెలిసిన తల పోతుంది. మడుగులు పూడితే ఆ మడుగుల పేర్లు పోతాయి. ‘ఏటిదా, చెరువుదా’ అని అడగడం తెలిసిన అమ్మమ్మలు పోతారు. చివరికి పుస్తకాల్లో లాటిను అక్షరాల్లో ఒక తెలుగు మాట మిగులుతుంది. మన పిల్లలు దాన్ని ‘వల్లాగో అట్టు’ అని చదివి, ఏ దేశపు మాటో అనుకుని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు.

అంతదాకా రాకూడదనే ఇదంతా. ఏళ్ళని కాపాడే శక్తి మనకి ఉందో లేదో గాని, నోట్లో మాటని కాపాడుకునే శక్తి అందరికీ ఉంది. ఈ పుష్యమాసంలో చేపలబజారుకి వెళ్ళినప్పుడు క్యాట్‌ఫిష్ ఉందా అని అడక్కండి. పేరు పెట్టి అడగండి. గుడ్లతో ఉన్న వానాకాలపు వాలుగను మాత్రం, ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. దాన్ని ఏటికి ఎక్కనిస్తేనే చలికాలానికి మడుగులో చేప ఉంటుంది. అమ్మేవాడు మీ ప్రశ్న విని తల ఎత్తి ‘ఏటి వాలుగ కావాలాండి?’ అంటే, రెండు వందల ఏళ్ళ చరిత్ర ఇంకా బతికే ఉందని సంతోషించండి. తరువాత బేరం మీ ఇష్టం.